శిక్ష లేని హక్కు: వికలాంగుల చట్టం సవరణలపై ఒక దళిత పరిశీలన

రాజ్యాంగం ఇంగ్లీషు ప్రతిలో 'డిజెబిలిటీ' అనే మాట ఎక్కడుందో వెతికితే ఒక విషయం తేలుతుంది. ప్రాథమిక హక్కుల అధ్యాయంలో ఆ మాట కాళ్లు లేనివాళ్ల గురించో, చూపు లేనివాళ్ల గురించో రాలేదు. మన గురించి వచ్చింది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల దగ్గర కులం పేరు మీద ఏ పౌరుడికీ ఏ 'డిజెబిలిటీ' ఉండరాదని 15వ అధికరణం రెండో క్లాజు చెబుతుంది. అంటరానితనం నుంచి పుట్టిన ఏ 'డిజెబిలిటీ'ని అమలు జరిపినా నేరమేనని 17వ అధికరణం చెబుతుంది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకుంది. అది కూడా 'సాంఘిక డిజెబిలిటీ'లను అమలు జరిపేవాళ్లకు శిక్ష రాసిపెట్టింది.

ఇందులో ఉన్న అర్థం చిన్నది కాదు. లోపం మనిషి ఒంట్లో లేదు, ఆ మనిషికి అడ్డంగా కట్టిన గోడలో ఉంది. గోడ కట్టినవాడే నేరస్తుడు. వైకల్యాన్ని ఈ విధంగా చూడాలని ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 2006 డిసెంబరు 13న చెప్పింది. దళితుల విషయంలో మన రాజ్యాంగం ఆ మాటను 1950లోనే చట్టంగా చేసింది. వికలాంగుల ఉద్యమం 'అందుబాటు' అని దేన్ని అడుగుతున్నదో, మహద్ చెరువు దగ్గర మనోళ్లు అడిగిందీ అదే.

మహద్ నుంచి ఇంకో పాఠం కూడా ఉంది. అందరి సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకు కూడా తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ 1924లో తన చెరువును తెరిచామని ప్రకటించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది, నీళ్లు మాత్రం ముట్టనియ్యలేదు. తీర్మానాన్ని తోసిపుచ్చినవాళ్లకు శిక్ష లేదు గనక అది తీర్మానంగానే మిగిలింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి నీళ్లు తాగాల్సి వచ్చింది అందుకే. 1947లో రాజ్యాంగ సభకు రాసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో ఆయన సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటించాలని పట్టుబట్టింది కూడా అందుకే. హక్కు ఇవ్వడం ఒకటి, హక్కును తొక్కినవాడిని నిలదీయడం ఒకటి. రెండోది లేకపోతే మొదటిది దయాదాక్షిణ్యం అవుతుంది.

వికలాంగుల చట్టానికి ముప్ఫై ఏళ్లుగా జరిగిన సవరణల చరిత్రను మేం ఈ కొలతతో చదివాం. ప్రతి దశలోనూ హక్కుల జాబితా పెరిగింది, దాంతో పాటే శిక్ష పలచబడింది. ఇంకో సంగతి, ఈ చర్చ అంతటిలో వికలాంగ దళితుడు, వికలాంగ దళిత స్త్రీ దాదాపు కనిపించరు.

సికింద్రాబాద్ నుంచి చూస్తే

ఇది ఢిల్లీ కథ మాత్రమే కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం జాతీయ మానసిక వికలాంగుల సంస్థను సికింద్రాబాద్‌లో, బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో పెట్టింది. తర్వాత దాని పేరులో 'మానసిక వికలాంగులు' పోయి 'మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత' వచ్చింది. 1966 అక్టోబరు 2న ఏర్పడ్డ దక్షిణ మధ్య రైల్వేకి కేంద్రం సికింద్రాబాదే. రైళ్లు, ప్లాట్‌ఫారాలు, మెట్ల వంతెనలు వికలాంగులకు ఎట్లా ఉండాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో జవాబు చెప్పాల్సింది రైల్‌నిలయమే. రాజీవ్ రహదారి మీద ఉత్తరానికి పోతే శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 2016 చట్టానికి మొదటి ముసాయిదా తయారు చెయ్యడంలో న్యాయ సలహాదారుగా పనిచేసింది అక్కడి వైకల్య అధ్యయన కేంద్రమే. అంటే సమస్యను చూసే సంస్థ, గోడలు కట్టే సంస్థ, చట్టం రాసే సంస్థ మూడూ మన ఊరి చుట్టుపక్కలే ఉన్నాయి.

'ఆర్థిక స్థోమత మేరకు'

దేశంలో మొదటి వికలాంగుల చట్టం 1995 డిసెంబరులో పార్లమెంటు దాటి 1996 ఫిబ్రవరి 7 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం కోటా ఇచ్చింది: చూపు సమస్య ఉన్నవాళ్లకు ఒకటి, వినికిడి సమస్య ఉన్నవాళ్లకు ఒకటి, కదలికలో వైకల్యం ఉన్నవాళ్లకు ఒకటి. మనోవికాస్ నగర్‌లో ఎవరి కోసం జాతీయ సంస్థ పెట్టారో వాళ్లకి ఆ కోటాలో చోటే లేదు.

అందుబాటు గురించిన సెక్షన్లు 44, 45, 46. రవాణా సంస్థలు, ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు బస్సులను, రైలు పెట్టెలను, రోడ్లను, భవనాలను వికలాంగులు వాడుకునేటట్టు మార్చాలి. ఎంతవరకు? 'తమ ఆర్థిక స్థోమత, అభివృద్ధి హద్దుల మేరకు'. చట్టం అంతా ఈ నాలుగు మాటల్లో జారిపోయింది. స్థోమత ఉందో లేదో తేల్చేది ఎవరు? ఆ సంస్థే. లేదని చెబితే శిక్ష ఏమిటి? ఏమీ లేదు. డబ్బుంటే అంటరానితనం మానుకొమ్మని 17వ అధికరణం అనలేదు. వికలాంగుల దగ్గరికొచ్చేసరికి రాజ్యం ముందుగా జేబు తడుముకున్నది.

సవరణలా, కొత్త చట్టమా

2007 అక్టోబరు 1న భారతదేశం ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించింది. ఆ తర్వాత పాత చట్టాన్ని మార్చక తప్పలేదు. సాంఘిక న్యాయ మంత్రిత్వ శాఖ మొదట పాత చట్టానికే సవరణలు చేస్తే చాలనుకుంది. వికలాంగుల సంఘాలు కొత్త చట్టమే కావాలన్నాయి. 2010లో సుధా కౌల్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. 2011లో ముసాయిదా వచ్చింది. ఆ తర్వాత అది మంత్రిత్వ శాఖల మధ్య తిరుగుతూ తిరుగుతూ కరిగిపోయింది. 2014 ఫిబ్రవరి 7న రాజ్యసభలో మల్లికార్జున్ ఖర్గే ప్రవేశపెట్టిన బిల్లు చూసి ఉద్యమం రెండుగా చీలింది. లోటుపాట్లున్నా ఇది పాసైతే చాలు, తర్వాత సవరించుకోవచ్చు అన్నవాళ్లు ఒక పక్క. ఇట్లాంటి బిల్లు కంటే పాత చట్టమే నయమన్నవాళ్లు మరో పక్క. ఇట్లాంటి చీలిక మనకు తెలియనిది కాదు. సగం హక్కు తీసుకోవాలా, మొత్తం కోసం నిలబడాలా అన్న ప్రశ్న మన ఉద్యమాన్ని పూనా ఒప్పందం నాటి నుంచీ వెంటాడుతున్నదే.

ఒకే కమిటీ, రెండు బిల్లులు

2014 సెప్టెంబరులో బిల్లు సాంఘిక న్యాయం - సాధికారత పార్లమెంటరీ స్థాయీ సంఘానికి వెళ్లింది. అధ్యక్షుడు రమేశ్ బైస్. 2015 మే 7న సంఘం నివేదిక ఇచ్చింది. చర్చంతా కొన్ని ప్రశ్నల చుట్టూ తిరిగింది. వికలాంగుల సహాయం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో 9వ అంశం కదా, కేంద్రం చట్టం చేసి ఖర్చు రాష్ట్రాల మీద వేయొచ్చా? ఒడంబడిక అమలు కోసం 253వ అధికరణం కింద చెయ్యొచ్చని ఒక జవాబు. పర్యవేక్షణకు జాతీయ కమిషన్ ఉండాలా, పాత పద్ధతిలో చీఫ్ కమిషనర్ చాలా? ప్రైవేటు సంస్థలను ఎంతవరకు కట్టడి చెయ్యాలి? సంరక్షకుల అధికారం ఎంత?

ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే. అయితే మన పాఠకులు గమనించాల్సింది వేరే ఉంది. అదే కాలంలో, అదే స్థాయీ సంఘం ముందు ఇంకో బిల్లు కూడా ఉంది: ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సవరణ బిల్లు. దాని మీద నివేదిక 2014 డిసెంబరు 19న వచ్చింది, ఆ సవరణ చట్టం 2016 జనవరి 26 నుంచి అమలైంది. ఒకే గది, ఒకే బల్ల, రెండు ఫైళ్లు. వికలాంగ దళితుడు ఆ రెండు ఫైళ్లకూ చెందినవాడు. కానీ ఆ రెండు చట్టాల్లోనూ వెతికితే దొరకడు.

అత్యాచారాల చట్టంలో కొత్తగా చేర్చిన 15ఏ సెక్షన్ చూడండి. బాధితులతో మర్యాదగా మెలగాలి, వయసు వల్లా, లింగం వల్లా, చదువు లేకపోవడం వల్లా, పేదరికం వల్లా వచ్చే ప్రత్యేక అవసరాలను పట్టించుకోవాలి అంటుంది. వైకల్యం ఆ వరసలో లేదు. పక్క ఫైలు వైకల్యం గురించే. అయినా ఎవరికీ తట్టలేదు. అత్యాచారాలు మనుషులను వికలాంగులను చేస్తాయని రాజ్యానికి తెలియదనుకుంటామా? 1995 నాటి అత్యాచారాల నిరోధక నియమాల అనుబంధంలో వైకల్యం ఎంత శాతమో చూసి పరిహారం ఎంతో రాసిపెట్టారు. అంటే కాలు విరగ్గొట్టాక లెక్క కట్టడానికి వైకల్యం గుర్తొచ్చింది. సాక్షి బోనెక్కడానికి మెట్లు అడ్డం వస్తాయన్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

వికలాంగుల చట్టం వైపు నుంచి చూసినా అంతే. 1995 చట్టంలో కేంద్ర సమన్వయ కమిటీలోకి వికలాంగుల ప్రతినిధులుగా అయిదుగురిని తీసుకోవాలి, అందులో కనీసం ఒక స్త్రీ, ఎస్సీ లేదా ఎస్టీ ఒకరు ఉండాలన్నారు. 2016 చట్టంలో కేంద్ర సలహా మండలిలో ఆ సంఖ్య పది అయింది, కనీసం అయిదుగురు స్త్రీలు, ఎస్సీ ఒకరు, ఎస్టీ ఒకరు ఉండాలన్నారు. ఇరవై ఏళ్లలో మనోళ్లకు జరిగిన మార్పు ఏంటయ్యా అంటే, 'లేదా' పోయి 'మరియు' వచ్చింది. సలహా మండలిలో ఒక కుర్చీ. హక్కుల అధ్యాయాల్లో కులం ప్రస్తావన లేదు. స్త్రీలు, పిల్లల కోసం విడిగా సెక్షన్ ఉంది, కులం వల్ల రెట్టింపయ్యే వైకల్యం గురించి లేదు.

దానికి లెక్కలు లేవా అంటే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. ఎస్సీల్లో ఇది 2.45 శాతం, ఎస్టీల్లో 2.05, మిగతావాళ్లలో 2.18. ప్రమాదకరమైన పనులు, తిండి లేమి, సమయానికి అందని వైద్యం ఎవరి వాటాకి ఎక్కువ వస్తాయో మనకు వేరే చెప్పక్కర్లేదు. కానీ వికలాంగుల కోటాలో ఉద్యోగాలు ఏ కులాలకు ఎన్ని పోతున్నాయో ఈ చట్టం అడగదు. 1992 మండల్ తీర్పు ప్రకారం వికలాంగుల రిజర్వేషన్ అడ్డంగా కోస్తూ పోయేది. ఎంపికైనవాళ్లను వాళ్ల వాళ్ల కులాల వరసలో లెక్కిస్తారు. కాగితం మీద న్యాయంగానే ఉంది. చదువు, హాస్టలు, కోచింగు అందినవాడే ఆ వరస దాకా రాగలడు కదా.

కారంచేడు మాటలు

2016 డిసెంబరు 14న రాజ్యసభ, 16న లోక్‌సభ బిల్లును ఆమోదించాయి. ప్రభుత్వమే వందకు పైగా సవరణలు పెట్టింది. ఏడు వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు కూడా ఉద్యోగ కోటాలో చోటు దొరికింది. 'ఆర్థిక స్థోమత మేరకు' అన్న మాట అందుబాటు సెక్షన్ల నుంచి పోయింది. ప్రమాణాలు పాటించకపోతే భవనం ప్లానుకు అనుమతి ఇవ్వకూడదని 44వ సెక్షన్, పాత ప్రజా భవనాలను అయిదేళ్లలో మార్చాలని 45వ సెక్షన్ చెప్పాయి. ఇవి గెలుపులే, తక్కువ చెయ్యం.

కానీ అదే సవరణల్లో 2014 బిల్లులోని 5 శాతం ఉద్యోగ కోటా 4 అయింది. జాతీయ కమిషన్ పోయి చీఫ్ కమిషనర్ మిగిలాడు. చట్టాన్ని ఉల్లంఘించినవాళ్లకు బిల్లులో ఉన్న ఆరు నెలల జైలు శిక్ష పోయి, మొదటిసారికి పదివేల రూపాయల వరకు జరిమానా మిగిలింది. కోట్లు పోసి మెట్ల మేడ కట్టేవాడికి పదివేలు ఒక లెక్కా?

మిగిలిన గట్టి సెక్షన్ 92. వికలాంగులను బహిరంగంగా నలుగురి కళ్ల ముందు కావాలని అవమానించినా, బెదిరించినా ఆరు నెలల నుంచి అయిదేళ్ల జైలు. ఈ సెక్షన్ మొదటి క్లాజును, 1989 అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్‌లో కులం పేరు మీద అవమానించడం గురించిన క్లాజును పక్కపక్కన పెట్టి చదివాం. మాటలు అవే. శిక్ష అదే. స్త్రీల గౌరవానికి భంగం, పలుకుబడి వాడుకుని లైంగిక దోపిడీ అన్న క్లాజులు కూడా ఆ చట్టం అచ్చులోంచి వచ్చినవే.

ఆ మాటలు ఎక్కడివి? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. చీరాల శిబిరంలో, దళిత మహాసభ సభల్లో, కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు నడిపిన పోరాటంలో ఒక సంగతి తేటతెల్లమైంది: కొట్టడం, చంపడం మామూలు నేరాలు కావు, కుల నేరాలు. 1989 చట్టం వెనుక ఉన్న ముఖ్యమైన ఒత్తిళ్లలో ఆ పోరాటం ఒకటి. ఆ విధంగా ప్రకాశం జిల్లా దళితవాడల్లో చిందిన నెత్తురు దేశంలోని వికలాంగులందరి చట్టంలోకి భాషగా వచ్చింది. అది మేం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి.

మాటలు తీసుకున్నారు, కోరలు తీసుకోలేదు. 1989 చట్టంలో 4వ సెక్షన్ ఉంది: కావాలని విధి నిర్వహించని అధికారికి జైలు. 18వ సెక్షన్ ఉంది: ముందస్తు బెయిలు లేదు. ఈ రెండింటి లాంటివి 2016 చట్టంలో లేవు. ర్యాంపు లేని భవనానికి సంతకం పెట్టిన ఇంజనీరును ఈ చట్టం ఏమీ అనదు.

కోరలు పీకే పని ఆగలేదు

2020 జూలైలో, కరోనా మధ్య, కేంద్రం ఇంకో సవరణ తెరపైకి తెచ్చింది. 89వ సెక్షన్‌ను, 92లో బహిరంగ అవమానం క్లాజును, 93వ సెక్షన్‌ను రాజీ పడి డబ్బు కట్టి తేల్చుకునే నేరాలుగా మార్చాలన్నది. కారణం వ్యాపారాలకు సులువు కావాలట. దేశమంతటా వికలాంగుల సంఘాలు ఒక్క గొంతుతో లేచాయి, ప్రతిపాదన వెనక్కి పోయింది. రెండేళ్ల కింద మనకు జరిగింది ఇదే. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పు అత్యాచారాల చట్టం పదును తీసింది. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చి సరిదిద్దింది. రెండు ఉద్యమాలూ రెండేళ్ల తేడాతో ఒకే దాడిని ఎదుర్కొన్నాయి. ఒకరి వెనక ఒకరు నిలబడ్డది మాత్రం తక్కువ.

నిబంధనల దగ్గర ఇంకో మోసం జరిగింది. 2017 జూన్ 15న వచ్చిన నియమాల్లో 15వది అందుబాటు ప్రమాణాల గురించి. చట్టం 'తప్పనిసరి' అంటే, నియమం మార్గదర్శకాల జాబితాను అంటగట్టింది. మార్గదర్శకం అంటే చేస్తే మంచిది, చెయ్యకపోతే అడిగేవాడు లేడు. భవనాలకిచ్చిన అయిదేళ్ల గడువు 2022 జూన్‌తో తీరిపోయింది. రాజీవ్ రాటూరీ కేసులో దేశంలో పరిస్థితి చూసి చెప్పమని సుప్రీంకోర్టు నల్సార్ వైకల్య అధ్యయన కేంద్రాన్నే అడిగింది. ఆ నివేదిక వచ్చాక 2024 నవంబరు 8న కోర్టు 15(1) నియమాన్ని చట్టవిరుద్ధమని కొట్టేసింది. పాటించి తీరాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో రాయమంది. 1923 బొంబాయి తీర్మానానికి పట్టిన గతే వందేళ్ల తర్వాత 2017 నియమానికీ పట్టిందన్నమాట.

రెండు చట్టాల మధ్య పడిపోయిన మనిషి

ఆంధ్రప్రదేశ్‌లో చూపు లేని ఒక దళిత యువతి మీద ఆమె ఇంట్లోనే అత్యాచారం జరిగింది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఆ కేసులో నేరస్తుడి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. కులం, లింగం, వైకల్యం విడివిడిగా రావు, ఒకదానిలో ఒకటి అల్లుకుని ఆమె మీద పడ్డాయని వివరంగా రాసింది. అంత రాసి, అత్యాచారాల చట్టం 3(2)(5) కింద శిక్షను రద్దు చేసింది. ఆమె ఎస్సీ అన్న 'కారణం మీద'నే నేరం జరిగిందని రుజువు కాలేదట. నేరం నాటికి ఉన్న పాత సెక్షన్ మాట అది. 2016 నుంచి 'ఎస్సీ అని తెలిసి చేస్తే చాలు' అని మారింది. చూపు లేదని చేశాడా, ఆడదని చేశాడా, దళితురాలని చేశాడా అని విడగొట్టి అడిగే చట్టం ముందు ఆమె ఏం చెప్పాలి? ఇదే ప్రశ్న 2014లో ఆ కమిటీ బల్ల మీద ఉండాల్సింది.

పేరు పెట్టే హక్కు

2015 డిసెంబరులో ప్రధాని వికలాంగులను 'దివ్యాంగులు' అని పిలవమన్నారు. దివ్యత్వం ఇస్తే ర్యాంపు ఇవ్వక్కర్లేదు. 'హరిజన' అన్న పేరు ఎందుకు పనికిరాదో మనం ఎన్నడో చెప్పాం. పైనుంచి వచ్చే పొగడ్త పేరు హక్కును మరిపిస్తుంది. ఈ వ్యాసంలో మేం 'వికలాంగులు' అనే వాడాం. మంద కృష్ణ మాదిగ పెట్టిన వికలాంగుల హక్కుల పోరాట సమితి కూడా ఆ పేరుతోనే రోడ్డెక్కింది.

ఆ సమితి సంగతి చరిత్రలో నమోదు కావాలి. దండోరా పోరాటం నేర్పిన పద్ధతులతోనే మూడు చక్రాల బండ్లు, చంకకర్రలు కలెక్టరేట్ల ముందుకొచ్చాయి. తెలంగాణలో 2014లో 1,500 రూపాయలైన వికలాంగుల పింఛను 2023లో 4,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 అయింది. ఢిల్లీ సెమినార్లలో వికలాంగుల ఉద్యమం అంటే ఇంగ్లీషులో మాట్లాడే ఉద్యమం. ఇక్కడ అది మాదిగ ఉద్యమం పక్కన నడిచింది. అయితే పింఛను దగ్గర గెలిచినంతగా అందుబాటు దగ్గర గెలవలేదన్నది నిజం. పింఛను ఇంట్లో కూర్చోబెట్టి ఇవ్వొచ్చు. అందుబాటు ఇస్తే మనిషి బయటికొస్తాడు, అడుగుతాడు.

ఏం అడగాలి

అందుబాటు అనగానే విమానాశ్రయం, మాల్, మెట్రో స్టేషన్ గుర్తుకు రావడం ఒక కుల దృష్టి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అందులో లిఫ్టులు ఉండాల్సిందే. కానీ పట్టాల మీద పడే మలాన్ని తరతరాలుగా ఎత్తిన చేతులు ఎవరివో, రైలు మరుగుదొడ్డిలోకి పోలేని శరీరాలు ఎవరివో కలిపి చూడాలి. దళితవాడకు పోయే దారి, రేషన్ దుకాణం గడప, అంగన్‌వాడీ మెట్లు, సదరం క్యాంపు జరిగే ఆసుపత్రి పైఅంతస్తు కూడా చట్టం చెప్పే ప్రజా స్థలాలే.

మేం నాలుగు అడుగుతున్నాం. వికలాంగుల కోటా నియామకాలను కులాల వారీగా ప్రచురించాలి. అందుబాటు నిరాకరించిన అధికారికి, 1989 చట్టం 4వ సెక్షన్ మాదిరి శిక్ష వికలాంగుల చట్టంలో చేర్చాలి. అత్యాచారాల చట్టం 15ఏ సెక్షన్‌లో వైకల్యం అన్న మాట చేర్చాలి. ఈ సవరణలు ఏ స్థాయీ సంఘం ముందుకొచ్చినా, వికలాంగ దళితులను సాక్షులుగా పిలవాలి, సలహా మండలిలో ఒక కుర్చీతో సరిపెట్టకూడదు.

చివరగా మన సంఘాలకు ఒక మాట. అంబేద్కర్ జయంతి సభా వేదికకు ఎన్ని మెట్లు ఉంటాయో, వాటి పక్కన ర్యాంపు ఉందో లేదో ఈ ఏప్రిల్ 14కి ముందే ప్రతి బస్తీలో చూసుకోవాలి. దానికి ఏ కమిటీ నివేదికా అక్కర్లేదు.